అంబాసిడర్ మార్క్ 2: గట్టిగా తొక్కితేగానీ వెలగని బ్రేక్ లైట్లు

బండి హిందుస్థాన్ అంబాసిడర్ మార్క్ 2, 1970ల మొదట్లో తయారైనది. పెట్రోలు ఇంజను, డైనమో, 12 వోల్టుల బ్యాటరీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. చాలాకాలం కాకినాడ వైపు తిరిగింది, అంటే ఉప్పు గాలి బాగా తగిలిన బాడీ. యజమాని చెప్పిన ఫిర్యాదులు మూడు. పెడల్ మెల్లగా నొక్కితే బ్రేక్ లైట్లు రావు, గట్టిగా తొక్కితేనే వస్తాయి. వచ్చినా కుడి లైటు ఎడమ దానికన్నా బాగా డిమ్. గతుకుల రోడ్డు మీద రాత్రిపూట బ్రేక్ వేస్తే ఒక్కోసారి కుడి వైపు బ్రేక్ లైటు, పార్కింగ్ లైటు రెండూ పోతాయి. అంతకుముందు వేరే చోట బల్బులు మార్చారు, హోల్డర్లు మార్చారు. తేడా రాలేదు.

అసలే వెలగని బ్రేక్ లైటు కన్నా ఆలస్యంగా వెలిగే లైటు ఎక్కువ ప్రమాదం. వెలగనిది ఎవరో ఒకరు చెప్తారు, ఫిట్‌నెస్ తనిఖీలో కూడా దొరికిపోతుంది. ఆలస్యంగా వెలిగేది పరీక్షలో బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష చేసేటప్పుడు ఎవరైనా పెడల్‌ను గట్టిగానే తొక్కుతారు. రోడ్డు మీద వేగం తగ్గించుకునేటప్పుడు పడే బ్రేకుల్లో చాలాభాగం మెత్తనివే. ఆ సమయంలో వెనక లారీవాడికి ఏ సూచనా అందదు.

సర్క్యూట్ ఎలా ఉంటుంది

అంబాసిడర్ వైరింగ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి వచ్చింది. అందుకే అక్కడి ఎలక్ట్రికల్ సామాను కంపెనీ లూకాస్ వైరు రంగుల పద్ధతే ఉంటుంది. ఇగ్నిషన్ స్విచ్ నుంచి తెల్ల వైరు ఫ్యూజు బాక్సులో ఎ3 అనే టెర్మినల్‌కి వస్తుంది. ఫ్యూజు దాటి ఎ4 నుంచి ఆకుపచ్చ వైరు బ్రేక్ స్విచ్‌కి వెళ్తుంది. స్విచ్ నుంచి వెనక లైట్లకి వెళ్లేది ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్న వైరు. పార్కింగ్ లైట్లకి ఎర్ర వైరు. ఎర్త్ నలుపు, చాలాచోట్ల అదీ ఉండదు, హోల్డరు బాడీకి తగలడమే ఎర్త్. ఈ వయసు బండ్లలో రంగుల్ని పూర్తిగా నమ్మకూడదు. మధ్యలో ఎవరో దొరికిన రంగు వైరు వేసి ఉంటారు. ఈ బండిలో కూడా డిక్కీ దగ్గర ఊదా గీత వైరు స్థానంలో పసుపు వైరు కనిపించింది.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే ఈ లైట్లు వెలుగుతాయి. కీ తీసేసి పెడల్ నొక్కి "లైట్లు రావడం లేదు" అని వచ్చేవాళ్లు చాలామంది, కాబట్టి ముందు అది చూడాలి.

స్విచ్ పెడల్ దగ్గర ఉండదు. అది హైడ్రాలిక్ స్విచ్, బ్రేక్ పైపుల జంక్షన్‌లో బిగించి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడి లోపలి డయాఫ్రాన్ని, అంటే పలుచని పొరని, నెడుతుంది, అది రెండు కాంటాక్టుల్ని కలుపుతుంది. రెండు 21 వాట్ల ఫిలమెంట్లకి 12 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్ల కరెంటు, అదంతా ఈ చిన్న కాంటాక్టుల మీదుగానే పోతుంది. ఫిలమెంటు చల్లగా ఉన్న మొదటి క్షణంలో అంతకు పదింతల దాకా లాగుతుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ, కొద్దిగా కాలిన మసి. ఏళ్లు గడిచేకొద్దీ కాంటాక్టుల నిరోధం పెరుగుతుంది, కలవాలంటే ఇంకా ఎక్కువ ఒత్తిడి కావాలి. మొదటి ఫిర్యాదుకి మూలం ఇదే అని ఎవరైనా ఊహించగలరు. అయితే ఊహ సగమే సరైనది, మిగతా సగం మీటరు చెప్పింది.

లోడు మీద కొలతలు

ఇలాంటి పనిలో టెస్ట్ లాంపు గానీ, బల్బు తీసేసి మీటరుతో చూసే కొలత గానీ మోసం చేస్తాయి. వైరులో ఒక్క పోగు మిగిలినా, తుప్పు పట్టిన కనెక్టర్ వెనకైనా, కరెంటు పారనప్పుడు మీటరు 12 వోల్టులే చూపిస్తుంది. రెండు బల్బులూ పెట్టి, వెలుగుతుండగా కొలవాలి. డ్రైవరు సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర బిగిస్తే మనిషి అక్కర్లేదు. ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కే కట్టేసి ఎర్ర తీగతో ఒక్కో చోటా చూస్తూ పోయాం.

బ్యాటరీ దగ్గర 12.4. ఫ్యూజు బాక్సు ఎ3 దగ్గర 12.1. ఎ4 దగ్గర 11.7. బ్రేక్ స్విచ్‌లోకి వచ్చే చోట 11.5. స్విచ్ దాటాక, పెడల్ మెల్లగా నొక్కితే సున్నా, మధ్యస్థంగా నొక్కితే 7 నుంచి 9 మధ్య ఊగుతూ, గట్టిగా తొక్కితే 10.4. వెనక రెండు హోల్డర్ల పాజిటివ్ దగ్గర 10.1. ఎడమ హోల్డరు బాడీ మీద 0.1. కుడి హోల్డరు బాడీ మీద 2.4.

చివరి అంకె అసలు విషయం. ఎర్త్ దగ్గర సున్నా ఉండాల్సిన చోట 2.4 వోల్టులు నిలబడ్డాయి. అంటే ఎడమ బల్బుకి చేరేది 10 వోల్టులు, కుడి బల్బుకి 7.7. ఫిలమెంటు బల్బులో వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు చాలా ఎక్కువ తగ్గుతుంది. 12 నుంచి 10కి పడితే వెలుగు దాదాపు సగం. 7.7 దగ్గర అయిదో వంతు కాస్త పైన. కాబట్టి బాగుందనుకున్న ఎడమ లైటు కూడా నిజానికి సగమే వెలుగుతోంది. పక్కనే అంతకన్నా డిమ్‌గా ఉన్న కుడి లైటు ఉండడంతో అది ఎవరికీ కనిపించలేదు.

ఫ్యూజు దగ్గర బయటపడిన సంగతి

ఎ3కీ ఎ4కీ మధ్య 0.4 వోల్టు పోవడం ఎక్కువ. క్లిప్పులు వదులై, పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. గాజు ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ కాలిపోయి ఉంది, బయట రాగి పోగులు చుట్టి రెండు చివరలూ కలిపారు. ఇది కనిపించిన చోట ఆగి, ఫ్యూజు ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. ఆ కారణం బండిలో ఇంకా ఉన్నట్టే లెక్క.

లూమ్ (వైర్ల కట్ట) వెంట వెళ్తే డిక్కీలోకి ప్రవేశించే రంధ్రం దగ్గర దొరికింది. రబ్బరు బుష్షు ఎండి ముక్కలై పోయింది, రేకు అంచు వైర్ల మీద రుద్దుకుంటోంది. బ్రేక్ లైటు వైరు ఇన్సులేషన్ దాదాపు సెంటీమీటరు మేర తొలిగి రాగి మెరుస్తోంది. గతుకులో అది బాడీకి తగిలి షార్టయ్యేది. ఫ్యూజు చేయాల్సిన పని అది చేసింది, తరవాత దాన్ని పని చేయకుండా కట్టేశారు. ఈ స్థితిలో ఇంకొన్నాళ్లు తిరిగితే కార్పెట్ కింద వైరింగ్ అంటుకునేదే.

అక్కడ దెబ్బతిన్న ముక్క కోసేసి, 1.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాం. రంధ్రానికి కొత్త బుష్షు. టేపు మాత్రమే చుట్టి వదిలితే వేసవిలో జిగురు కారిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ఫ్యూజు కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. పాత లూకాస్ లెక్కలో ఫ్యూజు మీద రాసే 35 ఆంపియర్లు అది కాలిపోయే కరెంటు, నిలకడగా మోసేది 17 మాత్రమే. మామూలు దుకాణంలో 35 అని రాసి ఉన్న గాజు ఫ్యూజు 35నీ నిలకడగా మోస్తుంది. అది వేస్తే వైర్లకి ఉండాల్సిన రక్షణ సగానికి పడిపోతుంది. పాత రకం దొరక్కపోతే 15 ఆంపియర్లది వేయడం మంచిది. క్లిప్పుల్ని సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, కాస్త లోపలికి వంచి బిగువు తెచ్చాక అక్కడ పోయేది 0.1 లోపుకి వచ్చింది.

కుడి లైటు ఎర్త్

వెనక లాంపులో బ్రేక్‌కీ పార్కింగ్‌కీ కలిపి ఒకే బల్బు, 21/5 వాట్లు, రెండు ఫిలమెంట్లు. రెండింటికీ ఎర్త్ ఉమ్మడిగా బల్బు ఇత్తడి మూతే. ఆ ఎర్త్ పూర్తిగా పోతే విచిత్రమైన లక్షణాలు వస్తాయి. పార్కింగ్ లైట్లు ఆపి బ్రేక్ నొక్కితే నంబరు ప్లేటు లైటు మసగ్గా వెలుగుతుంది. కారణం, కుడి బ్రేక్ ఫిలమెంటు దాటిన కరెంటుకి బాడీలోకి దారి లేక, అదే బల్బులోని పార్కింగ్ ఫిలమెంటు గుండా వెనక్కి ఎర్ర వైరులోకి ఎక్కి, నంబరు ప్లేటు లైటు, ఎడమ పార్కింగ్ ఫిలమెంటు మీదుగా ఎర్త్ వెతుక్కుంటుంది. పార్కింగ్ లైట్లు ఆన్‌లో ఉండగా బ్రేక్ వేస్తే ఎర్ర వైరు వైపూ, బ్రేక్ వైరు వైపూ వోల్టేజీ ఉంటుంది గానీ కరెంటు బయటికి పోయే దారి ఉండదు, ఆ లాంపు మొత్తం ఆరిపోతుంది. మూడో ఫిర్యాదు అదే. లాంపు బాడీని చేత్తో కదిపి చూస్తే ఈ లక్షణాలు రెండూ వచ్చాయి, పోయాయి.

బల్బు మార్చితే ఇది పోదు. లాంపుని బాడీకి పట్టే స్క్రూలు తుప్పు పట్టి, మధ్యలో రబ్బరు గాస్కెట్, దాని చుట్టూ తరవాత వేసిన పెయింటు. లోహానికి లోహం ఎక్కడా సరిగ్గా తగలడం లేదు. స్క్రూలు మార్చి పెయింటు గీకినా కొన్నాళ్లే. తీరప్రాంతపు బండ్లకి స్క్రూ మీద ఆధారపడే ఎర్త్ వద్దనే చెప్తాం. రెండు హోల్డర్ల బాడీ నుంచీ విడిగా 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైర్లు తీసి, డిక్కీలో ఒకే 6 మిల్లీమీటర్ల బోల్టుకి చేర్చాం. బోల్టు చుట్టూ పెయింటు తీసి తెల్ల రేకు కనిపించేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, బిగించాకే పైన వాసెలిన్. ముందే వాసెలిన్ రాసి బిగించే అలవాటు కొందరికి ఉంది, శుభ్రమైన లోహం మీద పళ్లు దిగడం ముందు జరగాలి. రెండు లాంపుల ఎర్త్‌నీ ఒక చోటికి కలపడంలో ఇంకో లాభం, ఇకమీదట పాడైతే రెండూ ఒకేలా పాడవుతాయి, వెంటనే తెలుస్తుంది.

ఆ పనిలోనే హోల్డర్లలోని స్ప్రింగు కాంటాక్టులు చూశాం. బల్బు అడుగున టంకం చుక్కలు నలిగి గుంట పడితే ఆ బల్బు పారేయడమే. పిన్నుల గాడి అరిగిన హోల్డర్లో బల్బుని తిరగేసి బలవంతంగా తోయగలరు. అప్పుడు పార్కింగ్‌కి 21 వాట్లు, బ్రేక్‌కి 5 వాట్లు వెలుగుతాయి. ఈ రకం బల్బుకి పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేది ఆ తప్పు జరగకుండానే. రిఫ్లెక్టరు గోధుమ రంగు తుప్పు పట్టి ఉంది. శుభ్రం చేసి అల్యూమినియం పెయింటు వేశాం, హోల్డరు ఎర్త్ తగిలే చోట వదిలేసి. లోపలి దుమ్ము కడిగిన ఎర్ర అద్దం, ఈ పెయింటు, రెండూ కలిసి ఇచ్చిన వెలుగు తక్కువేమీ కాదు.

హైడ్రాలిక్ స్విచ్

స్విచ్ మార్చక తప్పలేదు. ఈ కుటుంబపు స్విచ్‌లకి మర 1/8 అంగుళం ఎన్‌పీటీ, అంటే కొసకి సన్నబడే మర, అంగుళానికి 27 పళ్లు. వేరే కార్లకి వచ్చే స్విచ్‌లు చాలా వాటికి మర 10 మిల్లీమీటర్లు, పళ్ల మధ్య 1 మిల్లీమీటరు. ఎన్‌పీటీది బయటి కొలత సుమారు 10.3, పళ్ల మధ్య 0.94. ఇంత దగ్గరగా ఉండడమే ప్రమాదం. తప్పు స్విచ్ రెండు మూడు చుట్లు సుఖంగానే ఎక్కుతుంది, ఆ తరవాత జంక్షన్ ఇత్తడిలో మర కోసేస్తుంది, ఆయిల్ కారుతుంది. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా సరే, పాత స్విచ్ చేతిలో పట్టుకుని వెళ్లి, రెండింటి పళ్లూ ఒకదానికొకటి ఆనించి వెలుగులో చూసుకుని కొనాలి.

విప్పే ముందు ఒక ఉపాయం. పెడల్‌ను కర్రతో మూడు నాలుగు సెంటీమీటర్లు నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్లో పిస్టన్, ట్యాంకు నుంచి ఆయిల్ వచ్చే రీఫిల్ రంధ్రాన్ని దాటి మూసేస్తుంది, ట్యాంకులో ఆయిల్ కారిపోదు. ఈ సమయంలో వైర్లు తీసేసి ఉండాలి. పాతది తీయగానే కొత్తది పెట్టి, చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపై స్పానరుతో ఒక చుట్టు, అవసరమైతే ఇంకో అర చుట్టు. టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. దాని పోగులు విడిపోయి సిలిండర్లలోకి చేరతాయి, సన్నబడే మరకి అది అక్కర్లేదు కూడా. పాత స్విచ్ నుంచి కారిన బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే తింటుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

స్విచ్ మార్చేటప్పుడు పైపుల్లో చేరిన గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు. కుడి స్టీరింగ్ బండిలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. దానికి ముందు బ్రేక్ షూలు సర్దాలి, ఇది బ్రేక్ లైట్లకీ సంబంధించిన పనే. షూలు డ్రమ్‌కి దూరంగా ఉంటే పెడల్ చాలా దూరం దిగాకగానీ ఒత్తిడి పుట్టదు. స్విచ్ కొత్తదైనా లైటు ఆలస్యంగానే వస్తుంది. ఈ బండిలో వెనక షూలు బాగా వదులుగా ఉన్నాయి. అవి సర్దాక పెడల్ ప్రయాణంలో మూడో వంతు దాకా తగ్గింది.

మరీ తక్కువ ఒత్తిడికే కలిసే స్విచ్ వేస్తే అనే ఆలోచన సహజం. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్లో ఒక వాల్వు ఉంటుంది, పెడల్ వదిలాక కూడా పైపుల్లో సుమారు 10 పి.ఎస్.ఐ. ఒత్తిడి నిలిపి ఉంచడానికి. మరీ సున్నితమైన స్విచ్ ఆ ఒత్తిడికే కలిసిపోయి లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉండొచ్చు.

పెడల్‌కి మెకానికల్ స్విచ్ పెట్టడం ఇంకో దారి. తాకగానే వెలుగుతుంది, ఆయిల్‌తో పని లేదు. పెడల్ పైనుంచి వేలాడే బండ్లలో మొదట ఎంచుకోవాల్సింది అదే. ఈ కారులో పెడల్ నేల కిందున్న ఇరుసు మీద తిరుగుతుంది. స్విచ్ అక్కడ పెడితే బురదలో, నీళ్లలో నానుతుంది. అందుకే పాత అమరికే ఉంచి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్, చేర్చాం.

రిలే

రిలే వల్ల బ్రేక్ స్విచ్ కాంటాక్టుల మీద కరెంటు 3.5 ఆంపియర్ల నుంచి సుమారు 0.15కి పడిపోతుంది. హారన్‌కి వేసే మామూలు 4 కాళ్ల 12 వోల్టుల రిలే చాలు. స్విచ్ నుంచి వచ్చే ఊదా గీత వైరు మెయిన్ లూమ్‌తో కలిసే బుల్లెట్ కనెక్టర్ దగ్గర విడదీశాం, ఎక్కడా కోయలేదు. స్విచ్ వైపు ముక్క రిలే 86 నంబరు కాలికి, 85 ఎర్త్‌కి. 30కి ఫ్యూజు బాక్సు ఎ1 దగ్గరి గోధుమ రంగు వైరు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మధ్యలో 10 ఆంపియర్ల విడి ఫ్యూజు. 87 నుంచి వెనక్కి వెళ్లే లూమ్‌కి. రిలే కాయిల్‌కి ఇగ్నిషన్ గుండా వచ్చే పాత దారే ఉంది కాబట్టి కీ తీస్తే లైట్లు వెలగవు, పాత పద్ధతి చెడలేదు.

కాయిల్ ఆగేటప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ మళ్లీ స్విచ్ కాంటాక్టుల్నే కాలుస్తుంది. లోపల రెసిస్టర్ ఉన్న రిలే తీసుకోవాలి. డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) ఉన్నదైతే 85, 86 తారుమారు కాకూడదు. మోరిస్ కాలపు పద్ధతిలో పాజిటివ్ ఎర్త్‌తో ఉన్న బండ్లు ఇంకా ఉన్నాయి, వాటిలో డయోడ్ రిలే ఇలాగే కలిపితే డయోడ్ షార్టు అవుతుంది. బ్యాటరీలో ఏ వైపు బాడీకి ఉందో మొదట చూడాలి. ఇంకొకటి, మసి పట్టిన పాత స్విచ్‌కి రిలే తగిలించి సరిపెట్టడం కుదరదు. కాలిన కాంటాక్టు మీద చిన్న కరెంటు అసలే నిలకడగా పారదు. రిలే వేసేది కొత్త స్విచ్‌ని కాపాడడానికి.

ఎల్‌ఈడీ బల్బులు వేస్తే కరెంటు సమస్యే ఉండదు కదా అంటారు. నిజమే. అయితే ఈ పాత రిఫ్లెక్టరు ఫిలమెంటు స్థానానికి తగ్గట్టు చేసినది, చౌక ఎల్‌ఈడీలలో పార్కింగ్‌కీ బ్రేక్‌కీ మధ్య తేడా చాలక రాత్రిపూట బ్రేక్ పడిందో లేదో వెనకవాళ్లకి తెలియదు. తెల్ల ఎల్‌ఈడీ ఎర్ర అద్దం వెనక పేలవంగా ఉంటుంది. వేసేదైతే ఎర్రదే, నాణ్యమైనదే వేయాలి. ఇక్కడ ఫిలమెంటు బల్బులే ఉంచాం. 50 ఏళ్లు దాటిన బండ్లని 2021 నియమాల కింద వింటేజ్‌గా రిజిస్టరు చేయించాలంటే అసలు రూపం చెడకూడదు. ఆ ఆలోచన ఉన్న యజమానులు విప్పి తీసేయగలిగే మార్పులే చేయించుకోవడం మేలు.

పని అయ్యాక

అదే పద్ధతిలో మళ్లీ కొలిచాం. బ్యాటరీ 12.4, రిలే 87 దగ్గర 12.2, రెండు హోల్డర్ల దగ్గర 11.9, ఎర్త్ రెండు వైపులా 0.1 లోపు. పెడల్ మీద కాలు బరువు పడగానే లైట్లు వస్తున్నాయి. చీకట్లో గోడ ముందు పెట్టి పార్కింగ్, ఇండికేటర్, బ్రేక్ అన్ని కలయికల్లో చూశాం, ఏదీ మరో దాన్ని లాగడం లేదు. పెడల్ వదలగానే ఆరిపోతున్నాయి. అది కూడా చూడాలి, పెడల్‌కి ఆట లేకుండా సర్దితే రీఫిల్ రంధ్రం మూసుకుపోయి ఒత్తిడి నిలిచిపోతుంది, లైట్లు ఆరవు, బ్రేకులూ పట్టేస్తాయి. స్విచ్ మర చుట్టూ పొడి కాగితం చుట్టి, పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి ఉంచి తడి లేదని నిర్ధారించుకున్నాం. కొన్ని రోజులు నడిచాక అదే చోట మళ్లీ వేలు పెట్టి చూడమని యజమానికి చెప్పాం.

మిగిలినది డైనమో. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు డైనమో చార్జింగ్ ఇవ్వదు, సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. రాత్రి అలా ఎక్కువసేపు నిలిస్తే బ్యాటరీ 12 కిందికి దిగి బ్రేక్ లైట్లు కాస్త తగ్గుతాయి. వేగం అందుకోగానే 13.8కి చేరి, బల్బుల దగ్గర 13 దాటుతోంది. వైరింగ్‌తో తీరేది కాదు ఇది. రెగ్యులేటర్ సరిగ్గా ఉందో చూసి, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంచుకోవాలి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సివస్తే హ్యాండ్ బ్రేక్ వేసి పెడల్ మీద కాలు తీసేయొచ్చు, కానీ వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా తీయకూడదు.